ఇరవై రెండు నిమిషాలు

జూన్ 3, ఉదయం 8.30

చిరంజీవి మనవరాలికి,

నేను క్షేమం. బీపీ మామూలుగా ఉంది. ఎడమ చెవి పూర్తిగా మొరాయించింది, కుడి చెవి సగం పనిచేస్తోంది. అందుకే ఫోన్ చెయ్యొద్దని మళ్లీ చెబుతున్నాను. నువ్వక్కడ అరవడం, నేనిక్కడ "ఆఁ? ఆఁ?" అనడం, పక్కింటివాళ్లు మన ఇంటి సంగతులన్నీ వినడం. ఉత్తరం రాయి. నీ అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, అయినా కూడబలుక్కుని చదువుకుంటాను.

వంటగదిలో కుళాయి బాగుచేయించాను. మీ నాన్న గడియారాల బల్ల మీద పనిముట్లు నూట పద్నాలుగు. అన్నీ తుడిచి, లెక్కచూసి, డబ్బాల్లో సర్దాను. ఒక పట్టకారు తక్కువ వచ్చింది. మూడు రోజులు వెతికితే బల్లదీపం కింద దొరికింది.

అసలు సంగతి. వాడు పోయి ఎనిమిది నెలలైంది. వాడి కంప్యూటరు మన వీధి లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. పరాయివాళ్లకి ఇచ్చే వస్తువు శుభ్రంచేసి ఇవ్వాలి. అందులో ఇంటి కాగితాలు పద్నాలుగు ఉంటే విడిగా తీసిపెట్టాను. గొంతు ఆపరేషన్‌తో మాట పోయాక, నాతో ఏదైనా చెప్పాలంటే వాడు అందులో టైపు చేసేవాడని నీకు తెలుసు కదా. ఆ ముక్కలు రోజుకొకటి చొప్పున ఉన్నాయి, మొత్తం ఆరువందల తొమ్మిది. "నీళ్లు", "ఫ్యాను తగ్గించు", "వద్దు", ఇలాంటివే. అవన్నీ తీసేశాను. చెత్తబుట్ట బొమ్మ కూడా ఖాళీ చేశాను.

నీ ఉద్యోగం పాడైన డిస్కుల్లోంచి పోయినవి వెనక్కి తీసేది కనక ఒకటి అడుగుతాను. ఊరికే తెలుసుకోవడానికి. అలా తీసేసినవి నిజంగా పోతాయా? పోయాక ఆనవాళ్లేమైనా మిగులుతాయా, తేదీలూ టైములూ లాంటివి? తీరిక చూసుకుని రాయి.

వేళకి తిను.

నాన్నమ్మ

జూన్ 8

నాన్నమ్మా,

నీ ఉత్తరం భోజనాల వేళకి వచ్చింది. చదివి, క్యారియర్ మూత పెట్టేశాను.

ఏం చేశావు నాన్నమ్మా? ముక్కలంటావా? అవి నాన్న మాటలు. నేను ఫోన్ చేస్తే ఆయన రిసీవరు మీద వేలితో కొట్టేవాడు. రెండు దెబ్బలంటే అవును, ఒక దెబ్బంటే కాదు. "బాగున్నావా నాన్నా?" టక్ టక్. "నొప్పిగా ఉందా?" టక్. అబద్ధమని తెలుస్తూనే ఉండేది. ఇరవై నెలలు మా ఇద్దరికీ ఉన్నవి ఆ రెండు మాటలే. మిగతా మాటలన్నీ నీకు దక్కాయి. ఎప్పుడో ఒకరోజు నువ్వే పిలిచి ఇస్తావనుకున్నాను. నోరు తెరిచి అడగలేదు. నాన్న పోయే ముందు ఆ చివరి ఆదివారం వస్తానని చెప్పి రాకపోయినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను?

నువ్వడిగినదానికి జవాబు: పోవు. డిస్కు ఒక లాడ్జి అనుకో. తీసెయ్యడమంటే గదిలో మనిషిని బయటికి పంపడం కాదు, రిజిస్టరులో ఆ గది ఎదురుగా "ఖాళీ" అని రాయడం. మనిషి ఇంకా గదిలోనే ఉంటాడు. ప్రతి తలుపూ తట్టుకుంటూ పోతే దొరుకుతాడు. మా ల్యాబులో రోజంతా చేసే పని అదే.

కాబట్టి కంప్యూటరు ఎవరికీ ఇవ్వకు. అందులో ఇంకేమీ చెరపకు. డిస్కు ఊడదీయించి నాకు పంపు. దాంతోపాటు నీ రోజువారీ నోటుపుస్తకాలు కూడా కావాలి. డిస్కులోంచి వచ్చేవి ముందువెనకలుగా, ముక్కలుముక్కలుగా వస్తాయి. నీ పుస్తకాల్లో ఏ రోజు ఏం జరిగిందో నిమిషాలతో సహా ఉంటుంది కదా, పక్కన పెట్టుకుని కలుపుకుంటాను.

త్వరగా పంపు. బతిమాలుతున్నాను.

నీ మనవరాలు

జూన్ 16, మధ్యాహ్నం 2.10

చిరంజీవి మనవరాలికి,

"ఏం చేశావు" అని అడిగావు. పెద్దవాళ్లని అడిగే తీరు అది కాదు. మీ అమ్మ పోయిన నాటినుంచీ నిన్ను పెంచినదాన్ని, ఆ మాత్రం చెప్పే హక్కు ఉంది.

డిస్కు ఈరోజు పార్సెల్ చేశాను. రసీదు నా దగ్గర ఉంది. పాత తువ్వాలులో రెండు చుట్లు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, కదలకుండా నాలుగు పక్కలా కాగితం కుక్కాను.

వాడి మాట పోయినప్పటినుంచీ రాసిన నోటుపుస్తకాలు ముప్పై ఎనిమిది. రోజుకి రెండు పేజీలు, పుస్తకానికి పదహారు రోజులు. అసలు ప్రతులు పోస్టులో వెయ్యడం నాకు ఇష్టం లేదు. జిరాక్స్ కొట్టు నడిపే అమ్మాయిని ఇంటికి పిలిపించాను. ఆవిడ తన స్కానరు తెచ్చుకుని మన కంప్యూటరుకే తగిలించి, మూడు రోజులు కూర్చుని పన్నెండువందల పదహారు పేజీలూ ఎక్కించింది. పుస్తకానికి ఒక ఫైలు. నీకు కావలసినవీ నా పుస్తకాలూ ఒకే డిస్కులో ఉంటే, దారిలో ఒకటి చేరి ఒకటి తప్పిపోయే భయం ఉండదు. నువ్వు చెప్పినట్టు ఏదీ చెరపలేదు. ఆవిడ పొరపాటున ఒక పేజీ రెండుసార్లు తీస్తే, దాన్ని కూడా అలాగే ఉంచమన్నాను.

వాడి మాటలన్నీ నాకు దక్కాయని రాశావు. దక్కినవాటిలో సగం "పిచ్చుక ఫోన్ చేసిందా?" అన్నదే. వాడు నిన్ను పిలిచే ఆ పేరు నేనెప్పుడూ పిలవలేదు. మనిషికి పెట్టిన పేరుండగా పిట్ట పేరెందుకు? కానీ చదివాను, రోజూ చదివాను.

ఇంకొకటి కూడా తెలుసుకో. కూర్చోబెడితే అరగంట మించకూడదని డాక్టరు చెప్పారు. సాయంత్రం అయిదుకి కూర్చోబెట్టి, అయిదున్నరకి నేనే స్విచ్ ఆపేదాన్ని. నన్ను జైలరు అనుకుంటావేమో, అనుకో. వాడూ అనేవాడు.

డిస్కు అందగానే కార్డు ముక్క రాయి.

నాన్నమ్మ

జూన్ 25

నాన్నమ్మా,

డిస్కు భద్రంగా చేరింది. నాలుగు రోజులు దాని ముందే కూర్చున్నాను. ఇది నీకు కోపం తెప్పించే ఉత్తరం, అయినా రాస్తున్నాను.

మొదట నా తప్పు. నువ్వు ఎక్కించిన పుస్తకాలు నాన్న ఉన్న గదుల్లో దిగాయి. ఖాళీ అని రాసిపెట్టి ఉన్న గదికి కొత్తమనిషిని పంపితే, లోపలున్నవాడు అప్పుడు పోతాడు. "ఇంకేమీ చెరపకు" అని రాశాను. "ఇంకేమీ పెట్టకు" అని రాయలేదు. మా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకీ కుర్చీలో కూర్చోకముందే చెప్పే మాట అది. సొంత నాన్నమ్మకి చెప్పడం మర్చిపోయాను.

ముప్పై ఎనిమిది పుస్తకాలు రిజిస్టరులో పాత వరసల మీదే తమ పేర్లు రాసుకుని ముప్పై ఎనిమిది రోజుల్ని పేర్లతో సహా తీసుకుపోయాయి, మొదటి ముప్పై ఎనిమిదింటినీ. మిగిలినవాటిలో చిన్నచిన్నవి దాదాపు అన్నీ దొరికాయి. మూడు నాలుగు వాక్యాల లోపు రాస్తే డిస్కు దానికి వేరే గది ఇవ్వదు, రిజిస్టరులోనే ఒక మూల ఇరికిస్తుంది. రిజిస్టరు పుటలు మిగిలాయి, అందుకని అవీ మిగిలాయి. పొడుగ్గా రాసినవి పది ఉన్నాయి. వాటికి సొంత గదులు. అవి పదీ పోయాయి.

దొరికినవి చదువుతుంటే నవ్వొచ్చింది, తరవాత నవ్వు రాలేదు. "కూరలో ఉప్పు లేదు. లెక్కల టీచరుగారికి చెంచా లెక్క తప్పింది." "గొంతు పోయాక ఈ ఇంట్లో నీకు ఎదురు లేకుండా పోయింది." "జైలరుగారూ, ఇంకో రెండు నిమిషాలు." "పిచ్చుక ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పకు. లేపు." ఈ చివరిది నాలుగుసార్లు ఉంది నాన్నమ్మా. నాలుగు వేరువేరు రోజుల్లో.

ఇక అసలు సంగతి. మిగిలిన పేర్లన్నీ తేదీలే. ఒక్కదానికి మాత్రం వేరే పేరు ఉంది: "పిచ్చుకకి". చివరి రోజుది. అది పొడుగు ఉత్తరం, నీ నోటుపుస్తకంలో ఒక పేజీ నిండేంత. వంద పైచిలుకు మాటలుంటాయి. ఇప్పుడు అది ఉన్నచోట నీ ఇరవైమూడో పుస్తకంలో పేజీ ఉంది. పేరూ, పరిమాణమూ, టైమూ మాత్రం రిజిస్టరులో మిగిలాయి. మొదలుపెట్టినది 5.22. చివరిగా దాచినది 5.52.

నీ పుస్తకంలో ఆ రోజు పేజీ కూడా తీసి చూశాను. "కంప్యూటరు ఆపినది 5.30" అని నీ చేతిరాత.

మరి ఆ తరవాత ఇరవై రెండు నిమిషాలు నాన్న ఉత్తరం మీద చెయ్యి వేసినది ఎవరు? ఇంట్లో ఉన్నది మీరిద్దరే. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, నాకు రాసినది నువ్వు చదివావా? నా మీద కోప్పడి రాశాడని దిద్దావా? కోప్పడకుండా రాశాడని దిద్దావా? శుభ్రం చేశానన్నావు. తేదీలూ టైములూ మిగులుతాయా అని ముందే అడిగావు. ఊరికే అడగలేదు.

నాకు నిజం కావాలి.

నీ మనవరాలు

జూన్ 29, ఉదయం 9.00

మనవరాలికి,

నీ ఉత్తరం చేరింది. నేను ఎవరి ఉత్తరమూ దిద్దలేదు.

ఆ కంప్యూటరు గడియారం ఇరవై రెండు నిమిషాలు ముందు నడుస్తూ ఉండి ఉంటుంది. యంత్రం చెప్పినది నమ్మి, పెంచిన మనిషిని అనుమానించావు. సరే. ఈ విషయం ఇక రాయకు.

నాన్నమ్మ

జూలై 1, ఉదయం 6.15

చిరంజీవి మనవరాలికి,

మొన్నటి ఉత్తరానికి నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఆ ఉత్తరం చింపెయ్యి. కాదు, ఉంచు. అబద్ధం రాసినట్టు ఆధారం ఉండాలి.

దాన్ని పోస్టు చేసి ఇంటికొచ్చి తాళం తీస్తే, ఎదురుగా గోడగడియారం. వాడు చివరిసారి విప్పి, నూనె వేసి, సరిచేసి పెట్టినది. నేటికీ అర నిమిషం తేడా లేదు. కంప్యూటరులో టైము కూడా ప్రతి సోమవారం దానితో సరిచూసి వాడే పెట్టేవాడు. ముప్పై ఏళ్లు ఊరందరి గడియారాలూ బాగుచేసిన మనిషి పెట్టిన టైము ఇరవై రెండు నిమిషాలు తప్పని నా చేత్తో రాశాను. నా అబద్ధం నిలబెట్టుకోవడానికి వాడి పనితనానికి మచ్చ తెచ్చాను. ఆ మచ్చ ఉండనివ్వను. వాడి గడియారం సరిగ్గానే ఉంది. తప్పు నా పుస్తకంలో ఉంది.

ఆ సాయంత్రం అయిదున్నరకి లేచి స్విచ్ మీద చెయ్యి వేశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు కూడా వాడు ఏదీ కావాలని మారాం చేసినవాడు కాదు. అలా పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నేను కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాలు కూర్చున్నాను. డాక్టరు మాట దాటడం అదే మొదటిసారి. తెల్లవారుజామున జ్వరం, ఆయాసం. ఆస్పత్రి. మూడో రోజున లేడు.

ఆస్పత్రి నుంచి బట్టలకోసం ఇంటికి వచ్చినప్పుడు ఆ రోజు పేజీ రాశాను. 5.30 అని రాశాను. నలభై ఏళ్లుగా రాస్తున్న పుస్తకాల్లో తప్పు పద్దు అదొక్కటే. డాక్టరు చూస్తారని భయపడి కాదు, నేను చూస్తానని.

లైబ్రరీకి ఇచ్చేముందు కంప్యూటరు తెరిస్తే, నీ పేరున్న ఫైలు పక్కనే 5.52 అని కనిపించింది. ఆ ఒక్కటీ తీసేస్తే ఆ ఖాళీ రోజూ నాకు కనిపిస్తూనే ఉంటుంది. అందుకని అన్నీ తీసేశాను. ఒక్క అంకె దాచడానికి ఆరువందల తొమ్మిది.

నీ ఉత్తరం నేను చదవలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు తెరవకూడదని మీ తండ్రీకూతుళ్లిద్దరికీ నేర్పినదాన్ని. దాన్ని మర్నాడు అచ్చు తీయించి నీకు పంపమని వాడు ఆ సాయంత్రమే సైగ చేశాడు. మర్నాడు ఆస్పత్రిలో ఉన్నాం. ఆ తరవాత ఎనిమిది నెలలు నేను ఆ పని చెయ్యలేదు. చివరికి చెరిపేశాను. అది నీ సొత్తు. క్షమించమని అడగను. అడిగితే నీకు క్షమించక తప్పదు, అది న్యాయం కాదు.

ఒక్కదానికి సూటిగా జవాబు రాయి. చిన్నవి మిగిలాయనీ పొడుగువి పోయాయనీ రాశావు. నేను అయిదున్నరకే ఆపి ఉంటే, ఆ ఉత్తరం చిన్నదిగా ఉండి మిగిలేదా? మొహమాటం వద్దు. సరైన జవాబే కావాలి.

నాన్నమ్మ

జూలై 12

నాన్నమ్మా,

నీ ప్రశ్నకి జవాబు: అవును. 5.22కి మొదలుపెట్టాడు. ఎనిమిది నిమిషాల్లో పాతికో ముప్పయ్యో మాటలు పడేవి. అవి రిజిస్టరు మూలలో ఇమిడిపోయేవి. నీ పుస్తకాలు ఎక్కించినా మిగిలేవి.

వాక్యం మధ్యలో తెగి మిగిలేవి. నేను బతికినన్నాళ్లూ ఆ తెగిన చోటునే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ తరవాత ఏం రాయబోయాడో, నువ్వు ఆపెయ్యకపోతే ఏం రాసేవాడో అని నిన్ను తిట్టుకుంటూ. ఇప్పుడు నా దగ్గర అక్షరం ముక్క లేదు. కానీ నాన్న నాకు చెప్పాలనుకున్నది చివరిదాకా చెప్పాడని తెలుసు. ఏది మేలో నాకు తెలియదు నాన్నమ్మా. కొన్ని రోజులు ఇది మేలనిపిస్తోంది, కొన్ని రోజులు అనిపించడం లేదు. నువ్వు సరైన జవాబు అడిగావు కనక ఇలాగే రాస్తున్నాను.

నాన్నని చూసిన డాక్టరుకి ఫోన్ చేశాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము అప్పటికే రెండు మూడు రోజులుగా ఉందట, కాసేపు ఎక్కువ కూర్చున్నందువల్ల వచ్చేది కాదట. ఫోన్ మాట నువ్వు నమ్మవని తెలుసు. అందుకే ఆయన చేత రెండు వాక్యాలు రాయించి తెప్పించాను. సంతకం, తేదీ, ముద్ర ఉన్నాయి. జతపరుస్తున్నాను. నీ పుస్తకంలో అంటించుకో.

నిన్ను అన్న మాటలకి సిగ్గుగా ఉంది. నాదీ ఒక తప్పు పద్దు ఉంది, రాసుకో. ఆ ఆదివారం పాడైన డిస్కులోంచి ఎవరివో పెళ్లి ఫోటోలు తియ్యాల్సిన పనుందని చెప్పాను. ఆ పని సోమవారం చేసినా సరిపోయేది. నాన్న ఎదురుగా కూర్చుని నేను మాట్లాడుతుంటే, ఆయన ఒక్కో అక్షరమే కొడుతుంటే చూడాలంటే భయమేసింది. అందుకే రాలేదు.

ఆ ఇరవై రెండు నిమిషాలూ నువ్వు అక్కడున్నావు. అక్షరాలు చూడలేదు సరే, మనిషిని చూశావు కదా. అది రాయి. నిమిషాలతో సహా రాయి. నువ్వు రాస్తే తప్పు ఉండదు.

నీ మనవరాలు

జూలై 17, సాయంత్రం 5.22

చిరంజీవి మనవరాలికి,

డాక్టరు కాగితం చదివాను. రెండుసార్లు చదివాను. సంతకం ఆయనదే, పాత చీటీలతో పోల్చి చూశాను. అంటించాను.

నువ్వడిగినది రాస్తున్నాను. నేను వాడి వెనక స్టూలు మీద, తెర కనపడకుండా కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. కనక నాకు తెలిసినది వాడి వీపూ, మెడా, కుడిచెయ్యీ. వాడు చూపుడువేలితోనే టైపు చేసేవాడు, పట్టకారు పట్టినప్పటిలా మిగతా వేళ్లు మడిచిపెట్టి. ఆకుపచ్చ గళ్ల చొక్కా. రెండో గుండీ ఊడిపోయి ఉంది, మర్నాడు కుడదామనుకున్నాను.

5.30కి నా చెయ్యి పట్టుకున్నాడని రాశాను. వదిలినది 5.31కి. తరవాత ఆగకుండా కొట్టాడు. 5.37కి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని లేచి చూస్తే నవ్వుతున్నాడు, ఆ చప్పుడు లేని నవ్వు. ఏం రాసి నవ్వాడో తెలియదు. నామీద జోకే అయ్యుంటుంది. వేలు ఎత్తి, కూర్చో అన్నాడు. కూర్చున్నాను.

5.43 నుంచి 5.46 దాకా ఏమీ కొట్టలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. అయిపోయిందనుకుని స్విచ్ వైపు చూశాను. మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి నెమ్మదిగా. దెబ్బకీ దెబ్బకీ మధ్య నేను అయిదారు అంకెలు లెక్కపెట్టగలిగాను. 5.51కి చొక్కా చేతితో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. 5.52కి ఒక మీట నొక్కి, కుర్చీ నావైపు తిప్పి, బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.

అప్పుడు నేను ఏమీ అడగలేదు. ఏదీ అడగకుండానే అవునన్నాడు. దేనికి అవునన్నాడో ఇన్నాళ్లూ నాకు అర్థం కాలేదు. నా ప్రశ్నకి కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. వాడితో రోజూ ఆ రెండు దెబ్బల్లో మాట్లాడినది నువ్వు. వాడు ఎప్పుడూ నాతో అలా మాట్లాడలేదు, నాకు టైపు చేసేవాడు.

ఆ రోజు పేజీలో 5.30 కొట్టేసి, పైన 5.52 అని రాసి, పక్కన సంతకం చేశాను. కొట్టేసినది కూడా చదవడానికి కనపడేలా ఒక్క గీతే గీశాను.

పుస్తకాలు ముప్పై ఎనిమిదీ బల్ల మీద తేదీల వరసలో పేర్చి ఉంచాను. నీకు దొరికిన వాడి మాటలు తీసుకునిరా. వాడు ఏం అన్నాడో నీ దగ్గర ఉంది, దానికి ముందు నేను ఏం అన్నానో నా దగ్గర ఉంది. కలిపి చదువుదాం. ఆదివారం రా. నేను నిద్రపోతూ ఉంటే లేపు.

టైము 5.52. ఇక్కడితో ఆపేస్తున్నాను, పిచ్చుకా.

నాన్నమ్మ